ట్రాక్టరుకు తగిన బరువు

వరికోతలు ముగియగానే చిల్పూరు ప్రాంతమున ధాన్యపు బస్తాలతో ట్రాక్టర్లు రోడ్డెక్కును. ఇంజను లాగుచున్నది గదా అని ట్రాలీలో మరికొన్ని బస్తాలు వేయుట పరిపాటి. కాని లాగగల బరువు వేరు, ఆపగల బరువు వేరు.

ముందుగా లెక్క చూచుకొనవలెను. 40 కిలోల బస్తాలు 100 వేసినచో 4,000 కిలోలు. ఖాళీ ట్రాలీ 1,500 కిలోలున్నదనుకొన్నచో మొత్తము 5,500 కిలోలు. 20 అడుగులకు 1 అడుగు చొప్పున ఎత్తు పెరుగు దారిలో ఈ బరువు సుమారు 275 కిలోల బలముతో వెనుకకు గుంజును. దిగునప్పుడు అదే బలము ట్రాక్టరును ముందుకు నెట్టును. ట్రాలీకి బ్రేకులు లేనిచో ఆ భారమంతయు ట్రాక్టరు బ్రేకులపైననే పడును.

కావున రైతు సోదరులు ఈ జాగ్రత్తలు పాటింపవలెను.

1. కంపెనీవారి పుస్తకములోను, రిజిస్ట్రేషను పత్రములోను వ్రాసిన బరువును మించరాదు.

2. రెండు చక్రాల ట్రాలీలో బరువు ఇరుసుకు కొద్దిగా ముందుకు ఉండునట్లు సర్దవలెను. మరీ ముందుకు పడినచో ట్రాక్టరు ముందు చక్రములు తేలి, స్టీరింగు లొంగదు. వెనుకకు పడినచో ట్రాక్టరు వెనుక చక్రములకు పట్టు తగ్గును.

3. రోడ్డుపై రెండు బ్రేకు పెడళ్లను కలిపి బిగించవలెను.

4. పల్లములో న్యూట్రలులో వదలక, తక్కువ గేరులోనే దిగవలెను.

బస్తాలు మిగిలినచో ఇంకొక ట్రిప్పు వేయుట మేలు. డీజిలు ఖర్చు మరల సంపాదించుకొనవచ్చును. పోయిన ప్రాణము తిరిగి రాదు.