షెర్పాకు మరల ప్రాణం

బండరాళ్లపై, వాగులలో కాలు నేలకు ఆనకుండా మోటారు సైకిలును నడిపించే క్రీడ ట్రయల్స్. కాలు ఆనితే తప్పు పాయింట్లు తప్పవు. ఈ క్రీడ రూపురేఖలను మార్చినది స్పెయిన్‌లోని బుల్టాకో సంస్థవారి ‘షెర్పా టి’. సామీ మిల్లర్ తీర్చిదిద్దిన ఈ తేలికపాటి టూ-స్ట్రోక్ యంత్రం 1965లో స్కాట్లండు ఆరు రోజుల ట్రయల్‌ను గెలిచి, బరువైన బ్రిటిష్ యంత్రాల ఆధిపత్యానికి తెర దించింది.

బుల్టాకో కర్మాగారం 1983లో మూతపడింది. షెర్పాలు మాత్రం నేటికీ తిరుగుతున్నాయి! విడిభాగాల అన్వేషణ నంబరుతో ఆరంభమవుతుంది. ఇంజనుపైన, ఫ్రేముపైన ముద్రించిన సంఖ్యలోని తొలి అంకెలు మోడలును తెలుపుతాయి. మొదటి షెర్పాకు అవి 10. రెండు చోట్లా ఒకే సంఖ్య ఉన్నదంటే జత చెదరలేదన్నమాట. పిస్టన్లు, సీళ్లు, కేబుళ్లు ఇప్పటికీ కొత్తవి దొరుకుతాయి.

అసలు చిక్కు పెట్రోలు ట్యాంకుతోనే. పాత ఫైబర్‌గ్లాస్ ట్యాంకును నేటి పెట్రోలులోని ఇథనాల్ మెత్తబరుస్తుంది; కరిగిన రెసిన్ జిగురై కార్బురేటరులో పేరుకుంటుంది. బ్రిటన్‌లో 2021 నుంచి సాధారణ పెట్రోలులో పది శాతం వరకు ఇథనాల్ ఉంటున్నది. ట్యాంకు లోపల ఎపాక్సీ పూత పూయవచ్చు గాని, గోడలు బాగుగా ఆరనిదే అది పట్టదు. బండిని నిజంగా నడపదలచినవారు అల్యూమినియం ట్యాంకును బిగించుకొని, అసలుదానిని చివరి బొట్టు వరకు వంచి, ఆరబెట్టి, దాచుకుంటున్నారు. ప్రదర్శనలలో న్యాయనిర్ణేతలకు రుచించకపోయినా, మాకు అదే సబబనిపిస్తున్నది.