గడప దగ్గర ఆగిన కంప్యూటర్

2025 అక్టోబరు 14తో విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు మద్దతు ఆగిపోయింది. నంద్యాల, ఆళ్లగడ్డ లాంటి ఊళ్లలో పాత కంప్యూటర్లు ఉన్నవాళ్లకు అప్పటినుంచి ఒకటే తర్జనభర్జన. పదకొండుకు మారాలా, లినక్స్ వేయించుకోవాలా, ఉన్నదానితోనే నెట్టుకురావాలా? డీటీపీ సెంటర్లు, జిరాక్స్ షాపులు, పిల్లల చదువు కోసం కొన్న ఇంటి సిస్టమ్‌లు అన్నిటికీ ఇదే సమస్య. ధైర్యం చేసి మారినవాళ్లలో కొందరికి మర్నాడు పొద్దున మరో తంటా. స్విచ్ వేస్తే ఫ్యాను తిరుగుతుంది, కంపెనీ గుర్తు కనిపిస్తుంది, ఆ తర్వాత తెర నల్లగా ఉండిపోతుంది. లేదంటే పాస్‌వర్డ్ అడుగుతుంది, సరైనదే కొట్టినా తెర ఒక్కసారి మెరిసి మళ్లీ పాస్‌వర్డే అడుగుతుంది.

“ఓఎస్ పోయింది, ఫార్మాట్ కొట్టాలి.” ఇలాంటప్పుడు రిపేరు షాపులో మొదట వినిపించే మాట ఇది. చాలాసార్లు ఓఎస్ ఎక్కడికీ పోయి ఉండదు. డిస్కులో ఉన్న పెళ్లిపత్రికల డిజైన్లు, స్కాన్ చేసిన పాసుపుస్తకాలు, పదేళ్ల ఫోటోలు అన్నీ భద్రంగానే ఉంటాయి. లోపలికి పంపాల్సిన ఒక్క ప్రోగ్రాము తడబడింది, అంతే. జీఐ గుర్తింపు పొందిన ఆళ్లగడ్డ రాతి శిల్పాల్లో ద్వారపాలకుల విగ్రహాలను చూసినవాళ్లకు ఈ ప్రోగ్రాము చేసే పని వేరే చెప్పనక్కర్లేదు. ద్వారపాలకుడికి దెబ్బ తగిలిందని గుడినే పడగొట్టడం ఎంత అన్యాయమో, లాగిన్ రాలేదని డిస్కు తుడిచేయడం అంత అన్యాయం.

ఈ ద్వారపాలకుడు పుట్టిన తీరులోనే అతని బలహీనత ఉంది.

కంప్యూటర్ పాస్‌వర్డ్ అడగడం 1960ల మొదట్లో మొదలైంది. అమెరికాలోని ఎంఐటీలో ఫెర్నాండో కోర్బాటో బృందం తయారుచేసిన సీటీఎస్ఎస్ అనే వ్యవస్థలో ఒకే పెద్ద యంత్రాన్ని చాలామంది ఒకేసారి వాడుకునేవారు. ఎవరి ఫైళ్లు వాళ్లకే దక్కాలంటే కూర్చున్నది ఎవరో యంత్రానికి తెలియాలి కదా! తర్వాత వచ్చిన యూనిక్స్‌లోనూ అదే పద్ధతి. తెర మీద లాగిన్ అని ఒక మాట, పక్కన మిణుకుమనే గీత. బొమ్మల్లేవు, మౌసు లేదు. అక్కడ చెడిపోయేందుకు పెద్దగా ఏమీ లేదు.

1984లో అదే ఎంఐటీలో, అథీనా అనే ప్రాజెక్టులో, రాబర్ట్ షైఫ్లర్, జిమ్ గెటిస్ కలిసి ఎక్స్ విండో సిస్టమ్‌కు పునాది వేశారు. యూనిక్స్ యంత్రాల మీద కిటికీలు, బొమ్మలు, మౌసు బాణం కనిపించడానికి అదే ఆధారం. 1987 సెప్టెంబరులో వచ్చిన దాని పదకొండో రూపమే దశాబ్దాల పాటు నిలిచింది. మొదట్లో వరస సక్రమంగానే ఉండేది. అక్షరాల తెర మీద పేరు, పాస్‌వర్డ్ ఇచ్చి లోపలికి వెళ్లాలి, ఆ తర్వాత కావాలనుకుంటే బొమ్మల తెరను లేపుకోవాలి. అది లేవకపోతే మళ్లీ అక్షరాల తెరకే వచ్చేవాళ్లం. ఏం లోపమో అక్కడే చదువుకునే వీలుండేది.

ఈ వరస 1988లో తలకిందులైంది. ఆ రోజుల్లో ఎక్స్ టెర్మినళ్లని ఒక రకం చవక యంత్రాలు రాసాగాయి. వాటికి తెర, కీబోర్డు, మౌసు ఉంటాయి, డిస్కు ఉండదు. పనంతా ఎక్కడో ఉన్న పెద్ద కంప్యూటర్ చేస్తుంది, ఇక్కడ బొమ్మ మాత్రమే కనిపిస్తుంది. అలాంటి యంత్రం ముందు కూర్చున్న మనిషి అక్షరాల తెర మీద పేరు చెప్పుకునే దారే లేదు. అందుకని కీత్ ప్యాకార్డ్ ఎక్స్‌డీఎం అనే ప్రోగ్రాము రాశాడు. ముందు బొమ్మల తెరను లేపడం, దాని మీదే పేరు, పాస్‌వర్డ్ అడగడం, సరిపోతే ఆ మనిషి డెస్క్‌టాప్‌ను మొదలుపెట్టడం, అతను వెళ్లిపోయాక తెరను శుభ్రం చేసి తర్వాతివారి కోసం ఎదురుచూడడం దాని పని. ఆ ఏడాది అక్టోబరులో ఎక్స్11 మూడో విడుదలతో అది లోకంలోకి వచ్చింది. ఆ రకం ప్రోగ్రాములను డిస్‌ప్లే మేనేజర్లు అంటారు. తర్వాత వచ్చిన కేడీఎం, జీడీఎం, 2010లో రాబర్ట్ ఆన్సెల్ మొదలుపెట్టిన లైట్‌డీఎం, ఇప్పటి ఎస్‌డీడీఎం అన్నీ ఆ వంశంలోవే.

ప్యాకార్డ్ పరిష్కారం చక్కనిది, ఆనాటి అవసరానికి సరిగ్గా సరిపోయింది. కానీ దాని వల్ల కంప్యూటర్‌లో అన్నిటికంటే సున్నితమైన భాగం, అంటే గ్రాఫిక్స్, తలుపుకు ముందుకొచ్చి కూర్చుంది. ఇవాళ మన ఇళ్లలోని సిస్టమ్‌లలో ఎక్స్ టెర్మినళ్లు లేవు, వాటి కోసం పుట్టిన వరస మాత్రం మిగిలింది. అప్‌గ్రేడ్ తర్వాత మనం పడే అవస్థలో సగానికి మూలం ఇక్కడే ఉందని నా నమ్మకం.

నంద్యాలకు ఈ కథతో ఒక దగ్గరి చుట్టరికం ఉంది. 1991 సెప్టెంబరులో ఫిన్లాండ్ విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్, యూనిక్స్ పద్ధతిలోనే రాసిన లినక్స్ తొలి కోడ్‌ను బయటపెట్టాడు. అదే ఏడాది నవంబరులో నంద్యాల ఉపఎన్నికలో ప్రధాని పి.వి. నరసింహారావు 5 లక్షలకు పైగా మెజారిటీతో లోక్‌సభకు వెళ్లారు. ఆయన జీవితచరిత్ర ‘హాఫ్ లయన్’లో వినయ్ సీతాపతి చెప్పిన దాన్నిబట్టి, పి.వి. అరవై దాటాక కంప్యూటర్ ముందు కూర్చుని కోబాల్, బేసిక్ భాషలు నేర్చుకున్నారు, యూనిక్స్ మీద కూడా ప్రోగ్రాములు రాశారు. ఆ వయసులో పెద్ద పదవుల్లో ఉన్న మనిషి యంత్రం లోపలి సంగతి తెలుసుకోవాలని కూర్చున్నప్పుడు, రోజూ దాని మీదే బతుకుతున్న మనం నాలుగు మాటలు తెలుసుకోవడానికి వెనకాడనక్కర్లేదు.

ఇప్పటి లినక్స్ కంప్యూటర్‌లో స్విచ్ వేసిన దగ్గర్నుంచి డెస్క్‌టాప్ దాకా పని చేతులు మారుతూ వస్తుంది. మొదట ఓఎస్‌కు గుండెకాయ లాంటి కెర్నెల్ లేస్తుంది. అది గ్రాఫిక్స్ కార్డు డ్రైవర్‌ను పిలుస్తుంది. డ్రైవర్ మీద ఎక్స్ గానీ, 2008లో క్రిస్టియన్ హోగ్స్‌బర్గ్ మొదలుపెట్టిన వేలాండ్ గానీ తెరను నిలబెడుతుంది. దాని మీద డిస్‌ప్లే మేనేజర్ వచ్చి పేరు అడుగుతుంది. పాస్‌వర్డ్ నిజమా కాదా తేల్చేది మాత్రం అది కాదు. 1995లో సన్ మైక్రోసిస్టమ్స్ ఇంజనీర్లు ప్రతిపాదించిన పామ్ అనే వేరే ఏర్పాటు ఆ తీర్పు చెబుతుంది. తీర్పు అనుకూలమైతే అప్పుడు డెస్క్‌టాప్ మొదలవుతుంది. అప్‌గ్రేడ్ అంటే వీళ్లందరినీ ఒకే రాత్రిలో మార్చడం. కొత్తగా వచ్చినవాడికి పక్కవాడి పద్ధతి తెలియకపోతే పని అక్కడ ఆగుతుంది. ఎక్కడ ఆగిందో తెర చూస్తే చాలావరకు తెలిసిపోతుంది.

తెర పూర్తిగా నల్లగా ఉందంటే మొదటి అనుమానం డ్రైవర్ మీదే. ఎన్విడియా సొంత డ్రైవర్ ప్రతి కెర్నెల్‌కూ విడిగా తయారు కావాలి. కెర్నెల్ మారి డ్రైవర్ తయారు కాకపోతే బొమ్మ రాదు. మన దగ్గర ఇంకా తిరుగుతున్న జీఫోర్స్ 8, 9, 200 శ్రేణుల కార్డులకు ఎన్విడియా మద్దతు 2019తోనే ముగిసింది. వాటికి కొత్త లినక్స్‌లో నూవో అనే స్వేచ్ఛా డ్రైవరే దిక్కు. పాత డ్రైవర్ తీసేస్తే తెర వెలిగిన సందర్భాలు కోకొల్లలు. ఉబుంటు, మింట్ లాంటి లినక్స్ రకాలు పాత కెర్నెల్‌ను కూడా దాచి ఉంచుతాయి. స్విచ్ వేయగానే వచ్చే (దానంతటది రాకపోతే ఎస్కేప్ గానీ షిఫ్ట్ గానీ నొక్కితే వచ్చే) గ్రబ్ మెనూలో అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్‌లోకి వెళ్లి దాన్ని ఎంచుకోవచ్చు. దానితో డెస్క్‌టాప్ వస్తే నేరం కొత్త కెర్నెల్, డ్రైవర్‌ల పొత్తుదని తేలినట్టే.

పాస్‌వర్డ్ ఒప్పుకున్నట్టే ఒప్పుకుని మళ్లీ మొదటికొస్తుంటే కథ వేరు. డ్రైవర్ బాగుంది, పామ్ సరే అంది, డెస్క్‌టాప్ మొదలై వెంటనే కూలిపోయింది. డిస్కు నిండిపోవడం దీనికి ఒక పెద్ద కారణం. అప్‌గ్రేడ్ కోసం దిగిన ఫైళ్లతోనే కొన్నిసార్లు నిండుతుంది. డెస్క్‌టాప్ లేవాలంటే చిన్న చిన్న ఫైళ్లు రాసుకోవాలి, చోటు లేకపోతే రాయలేదు. మింట్‌లా లైట్‌డీఎం వాడేవాటిలో ఇంకో కారణం ఎక్స్‌అథారిటీ అనే దాగిన ఫైలు. ఎప్పుడో అడ్మిన్ హోదాలో బొమ్మల ప్రోగ్రాము నడిపితే ఆ ఫైలు యాజమాన్యం మారిపోవచ్చు, ఇక మన పేరుతో దాన్ని తెరవనివ్వదు. దాని పేరు మార్చి పక్కన పెడితే తర్వాతి లాగిన్‌లో కొత్తది తయారవుతుంది. డెస్క్‌టాపే మారిపోయిన సందర్భాలూ ఉన్నాయి. 2017 అక్టోబరులో ఉబుంటు 17.10 యూనిటీ డెస్క్‌టాప్‌ను వదిలి గ్నోమ్‌కు, లైట్‌డీఎంను వదిలి జీడీఎంకు, ఎక్స్‌ను వదిలి వేలాండ్‌కు ఒకేసారి మారింది. ఆరు నెలల తర్వాత 18.04లో మళ్లీ ఎక్స్‌కే వెనక్కి వచ్చి, 21.04లో తిరిగి వేలాండ్ పట్టింది. తయారుచేసినవాళ్లే ఇన్నిసార్లు అటూ ఇటూ అయ్యారంటే వాడేవాళ్లు తికమకపడడంలో వింతేముంది?

పాస్‌వర్డ్ తప్పని చెబుతుంటే తెలుగు టైపు చేసేవాళ్లు ముందు కీబోర్డు చూడాలి. అప్‌గ్రేడ్ తర్వాత లాగిన్ తెరకు తెలుగు ఇన్‌స్క్రిప్ట్ లేఅవుట్ తగులుకుంటే మనం ఇంగ్లీషు అక్షరాలనుకుని కొట్టేవన్నీ తెలుగు అక్షరాలుగా వెళతాయి. తెర మీద చుక్కలే కనిపిస్తాయి కనుక తేడా తెలియదు. లాగిన్ తెర అంచున భాష గుర్తు ఉంటుంది, పాస్‌వర్డ్ పెట్టె చివర కన్ను బొమ్మ ఉంటే దాన్ని నొక్కితే కొట్టిన అక్షరాలు కనిపిస్తాయి.

పాత అక్షరాల తలుపు లినక్స్‌లో ఇంకా ఉంది. కంట్రోల్, ఆల్ట్, ఎఫ్3 మీటలు కలిపి నొక్కితే చాలాసార్లు నల్లటి తెర మీద లాగిన్ అనే ఆ పాత మాట వస్తుంది. పేరు, పాస్‌వర్డ్ ఇస్తే లోపలికి వెళతాం. ఫైళ్లన్నీ అక్కడే కనిపిస్తాయి. డిస్కులో చోటెంతుందో చూడవచ్చు, డ్రైవర్ మళ్లీ వేయవచ్చు, జర్నల్ అనే సిస్టమ్ చిట్టాలో ఏ ప్రోగ్రాము ఏ నిమిషంలో పడిపోయిందో చదవవచ్చు.

విండోస్‌లో ఇలాంటి అక్షరాల తలుపు లేదు. 1993లో వచ్చిన ఎన్‌టీ నాటినుంచి అక్కడ లాగిన్ బొమ్మల తెర మీదే. దాని బదులు సేఫ్ మోడ్, రికవరీ మెనూ ఉన్నాయి. ఒక్క జాగ్రత్త మాత్రం ప్రాణప్రదం. డిస్కుకు బిట్‌లాకర్ తాళం పడి ఉంటే బయాస్ అప్‌డేట్ లాంటి మార్పు తర్వాత 48 అంకెల రికవరీ కీ అడగవచ్చు. అది లేకపోతే లోపలి ఫైళ్లను ఎంత గొప్ప మెకానిక్కైనా తీయలేడు. అప్‌గ్రేడ్‌కు ముందే మైక్రోసాఫ్ట్ ఖాతాలో ఆ కీ ఉందో లేదో చూసి, కాగితం మీద రాసి బీరువాలో పెట్టుకోండి.

రిపేరు షాపుల్లో కూర్చునే కుర్రాళ్లను తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు. ఫార్మాట్ పని గంటలో అయిపోతుంది, దానికి రేటు ఉంది. లోపం వెతకడానికి పూట పట్టవచ్చు, ఆ పూటకు డబ్బిచ్చే అలవాటు మనకు లేదు. ఇవ్వడం మనం నేర్చుకోవాలి. నంద్యాలలోనైనా ఆళ్లగడ్డలోనైనా సిస్టమ్‌ను షాపు బల్ల మీద పెట్టినప్పుడు ఒక్క మాట అడగండి: “ఫార్మాట్ తర్వాత చూద్దాం బాబూ, ముందు పెన్‌డ్రైవ్‌లోని లినక్స్‌తో సిస్టమ్ లేపి నా ఫైళ్లు ఇంకో డిస్కులోకి తీసివ్వు.” ఆ పనికి అడిగినంత ఇవ్వండి. ఫైళ్లు చేతికొచ్చాకే ఏ నిర్ణయమైనా తీసుకోండి.