తెరల పోలిక - తెరల ప్రత్యేకత

పెదపాడు వీధిలో చేపలు కొని డబ్బు చెల్లించు దృశ్యమును మనమొకసారి తలచుకొందము. అంగడివాని యెదుట క్యూ.ఆర్. కోడ్ అట్ట ఉండును. కొనువారిలో ఒకరి సెల్‌ఫోనున ఊదారంగు ఫోన్‌పే, మరియొకరి ఫోనున నీలిరంగు పేటీఎమ్. రంగులు వేరు, మీటల అమరిక వేరు. అయినను పిన్ నంబరు నొక్కవలసిన క్షణమున ఆ భేదములు తొలగి, ఏ ఫోనునందైనను దాదాపు ఒకే పుట ప్రత్యక్షమగును. ఆ పుటను ఆయా యాప్‌ల వారు రూపొందింపలేదు. 2016లో యు.పి.ఐ. పద్ధతిని ప్రవేశపెట్టిన నేషనల్ పేమెంట్స్ కార్పొరేషన్ వారే దానిని అందరకును సమకూర్చిరి.

తెరలన్నియు ఒక్కతీరుగ నుండవలెనా, దేని ముఖము దానికుండవలెనా? కంప్యూటరు తెరలను తీర్చువారిని ఈ ప్రశ్న చిరకాలముగా వేధించుచున్నది. పోలిక యున్నచో ఒకచోట నేర్చినది వేరొకచోట అక్కరకు వచ్చును. 1984లో మాకింతోష్ కంప్యూటరును వెలువరించిన ఆపిల్ సంస్థ, ప్రోగ్రాములు వ్రాయువారికి నియమములు ఏర్పరచుటకు కారణమిదియే. మెనూ తెర పై అంచుననే ఉండవలెను; చేసిన పనిని రద్దు చేసుకొను మార్గము అన్నిటను ఒకేచోట దొరకవలెను.

అయితే అన్నియు ఒకే రంగున నున్నచో ఏది ఏదియో పోల్చుకొనుటెట్లు? మా యెరుకలోని ఒక మామ్మగారికి చదువు రాదు. రంగే ఆమెకు అక్షరము. ఒకనాడు ఆమె వాడు యాప్ కొత్త సొగసులు దిద్దుకొని, మీటలు చోటు మారెను. తప్పు నొక్కినచో ఉన్నది కాస్తయు పోవునేమోనని ఆమె నెలరోజులు దానిని ముట్టలేదు.

కావున మేము చెప్పునదేమన: పేరు తెలుపుచోట ప్రత్యేకత ఉండవలెను, చేయి కదలుచోట, నష్టము వాటిల్లుచోట పోలిక ఉండవలెను. 1994లో జపానున పుట్టిన క్యూ.ఆర్. కోడే ఇందులకు నిదర్శనము. దాని మూడు మూలల చదరములు ఎల్లెడల నొక్కటియే. వానిని బట్టియే ఫోను దానిని గుర్తించును. తక్కిన గళ్లు అంగడి అంగడికిని వేరు. డబ్బు ఎవరికి చేరవలెనో తెలుపునవి అవియే.

పిన్ పుట అంతటను ఒకే తీరున నున్నందున, ఇంటిలోని పెద్దలకు మనము ఒక్కమాట నేర్పిన చాలును: డబ్బు పుచ్చుకొనుటకు పిన్‌తో పనిలేదు. డబ్బు వచ్చునని చెప్పి ఎవరైన ఆ అంకెలు నొక్కుమన్నచో అది మోసమే. ఫోను ఏదైనను, యాప్ రంగు ఏదైనను, ఈ హెచ్చరిక మారదు.