క్షేత్ర దత్తాంశానికి తక్కువ విద్యుత్తు సర్వర్: ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల పరిస్థితులలో ఏర్పాటు

వర్షపాతం, నేల తేమ, భూసార పరీక్షా ఫలితాలు, పంట దశల నమోదు వంటి క్షేత్ర దత్తాంశం నేడు చాలావరకు ఎక్కడో దూరాన ఉన్న సర్వర్లలో నిలువ ఉంటున్నది. ఇంటర్నెట్ ఉన్నంతసేపు ఇందులో ఇబ్బంది లేదు. అయితే గాలివానకు తీగలు తెగిన రోజున, అంటే వర్షపు లెక్క అన్నిటికంటే అవసరమైన రోజుననే, కరెంటుతో పాటు ఈ అనుసంధానమూ తెగిపోతుంది. ఆ రోజు నమోదు కాని వాన తరువాత ఎంత వెదకినా దొరకదు. దత్తాంశం పుట్టిన చోటనే, ఒక ఇంటిలోగాని చిన్న కార్యాలయంలోగాని, రాత్రింబగళ్లు పనిచేసే చిన్న సర్వర్‌ను నిలపడం ఇందుకు ఒక పరిష్కారం. కంప్యూటర్ అమర్చడం ఈ పనిలో సులభమైన భాగం. కడప జిల్లాలో దాని మన్నికను నిర్ణయించేవి కరెంటు, వేడి, గడియారం, బాధ్యత వహించే మనిషి.

ప్రాసెసర్, మెమరీ, యు.ఎస్.బి., నెట్‌వర్క్ ద్వారాలు అన్నీ ఒకే పలకపై అమరిన కంప్యూటర్‌ను సింగిల్ బోర్డు కంప్యూటర్ అంటారు. పిల్లలకు ప్రోగ్రామింగ్ నేర్పే ఉద్దేశంతో బ్రిటన్‌లోని కేంబ్రిడ్జిలో రూపొందిన రాస్ప్‌బెర్రీ పై 2012 ఫిబ్రవరి 29న అమ్మకానికి వచ్చింది. 2019లో వచ్చిన నాలుగవ తరం బోర్డు, 2023లో వచ్చిన అయిదవ తరం బోర్డు సర్వర్ పనికి తగిన శక్తి గలవి. ఆరెంజ్ పై, బనానా పై వంటి ఇతర బోర్డులు కూడా ఉన్నాయి. కొన్ని గ్రామాల వర్షపు లెక్కలు, భూసార ఫలితాలు, ఫోటోలు నిలువ చేయడానికి 2 గిగాబైట్ల మెమరీ గల నాలుగవ తరం బోర్డు సరిపోతుంది.

విద్యుత్తు లెక్క

తెర, డెస్క్‌టాప్ లేకుండా నడిచే నాలుగవ తరం బోర్డు ఖాళీగా ఉన్నపుడు సుమారు 3 వాట్లు, పని ఎక్కువైనపుడు 6 నుంచి 7 వాట్లు తీసుకుంటుంది. ఎస్.ఎస్.డి. డిస్కును కలిపి సగటున 5 వాట్లు అనుకుంటే సంవత్సరానికి సుమారు 44 యూనిట్లు ఖర్చవుతాయి. 60 వాట్ల మామూలు డెస్క్‌టాప్ కంప్యూటర్‌ను అదే విధంగా నడిపితే సుమారు 525 యూనిట్లు. బిల్లులో తేడా స్వల్పమే. కరెంటు పోయిన తరువాత బ్యాటరీపై ఎన్ని గంటలు నిలుస్తుందన్నదే అసలు తేడా.

ఇక్కడ తరచుగా జరిగే ఒక పొరపాటు ఉంది. కార్యాలయాలలో 12 వోల్టుల, 150 ఆంపియర్ అవర్ బ్యాటరీతో ఇన్వర్టర్ ఉంటుంది. ఈ బ్యాటరీలో 1,800 వాట్ అవర్లు ఉంటాయి. సగం మాత్రమే వాడుకున్నా 900 వాట్ అవర్లు. కాబట్టి 5 వాట్ల సర్వర్ 180 గంటలు, అనగా వారం రోజులు నడవాలి. ఆచరణలో అలా నడవదు. ఇన్వర్టర్ ఏ భారం లేకుండా కేవలం ఆన్‌లో ఉండడానికే 10 నుంచి 20 వాట్లు తీసుకోవచ్చు. అంటే కూలి కంటే మేస్త్రీకే ఎక్కువ చెల్లించినట్లు. ఇన్వర్టర్‌కు 15 వాట్లు కలిపితే అదే బ్యాటరీ 45 గంటలకే సగమవుతుంది. 12 వోల్టుల బ్యాటరీ నుంచి నేరుగా 5 వోల్టులకు దించే డి.సి. కన్వర్టర్‌ను వాడితే ఈ నష్టం దాదాపుగా తొలగుతుంది. డి.సి. నుంచి ఎ.సి.కి, మళ్లీ డి.సి.కి మార్చే పని ఉండదు.

నాలుగవ తరం బోర్డుకు 5 వోల్టుల వద్ద 3 ఆంపియర్లు ఇవ్వగల సరఫరా అవసరం. వోల్టేజి సుమారు 4.63 కంటే తగ్గితే బోర్డు హెచ్చరిక నమోదు చేస్తుంది. కారణం తెలియకుండా ఆగిపోయే సర్వర్లలో ముందుగా చూడవలసినది తీగ. ఫోన్ ఛార్జింగ్‌కు వాడే సన్నని, పొడవైన తీగలో వోల్టేజి పడిపోతుంది. బోర్డును మార్చక ముందు తీగను మార్చి చూడడం మంచిది.

మూడు ప్రాంతాలు, మూడు ఏర్పాట్లు

ప్రొద్దుటూరు పట్టణంలో, దాని చుట్టుపక్కల కె.సి. కాలువ ఆయకట్టు గ్రామాలలో విస్తరణ సిబ్బందికి పట్టణపు సరఫరా, ఇంటర్నెట్ రెండూ దగ్గరగా ఉంటాయి. ఇటువంటి చోట కొత్త బోర్డు కొనడం తప్పనిసరి కాదు. పాత ల్యాప్‌టాప్ 10 నుంచి 20 వాట్లతో నడుస్తుంది. సొంత బ్యాటరీ, తెర, కీబోర్డు, గడియారం అందులోనే ఉంటాయి. బ్యాటరీ ఉబ్బకుండా ఉంటే అదే మెరుగైన సర్వర్. బోర్డు పట్ల మోజుతో ఈ మార్గాన్ని కాదనడం తగదు. మిగిలిన రెండు ప్రాంతాల దత్తాంశానికి రెండవ ప్రతిని ఉంచడానికి కూడా ప్రొద్దుటూరే అనువైనది.

జమ్మలమడుగు ప్రాంతపు నల్లరేగడి నేలలలో శనగ అక్టోబరు, నవంబరు నెలలలో నిలువ తేమపై విత్తుతారు. విత్తే నిర్ణయానికి గ్రామస్థాయి వర్షపు లెక్క కావాలి. సర్వర్‌కు అత్యంత ప్రయోజనమున్న ప్రాంతం బహుశా ఇదే. మైలవరం మండలంలో మెగావాట్ల లెక్కన సౌర విద్యుత్తు పార్కు వెలసిన ఈ ప్రాంతంలో ఒక చిన్న పలకతో సర్వర్‌ను నడపడం కష్టం కాదు. 5 వాట్ల చొప్పున రోజుకు 120 వాట్ అవర్లు. నష్టాలు కలిపి 150 అనుకోవాలి. రోజుకు 5 గంటల పూర్తి ఎండ లెక్కన 30 వాట్ల పలక చాలుతుంది. కాని విత్తే కాలమే మబ్బుల కాలం. కాబట్టి 75 వాట్ల పలక, మూడు రోజులకు సరిపోయే నిలువ ఉండాలి. ఆ నిలువకు లెడ్ యాసిడ్ బ్యాటరీ అయితే 12 వోల్టుల 75 ఆంపియర్ అవర్, లిథియం ఐరన్ ఫాస్ఫేట్ అయితే 12.8 వోల్టుల 50 ఆంపియర్ అవర్ సరిపోతుంది.

పులివెందుల ప్రాంతంలో అరటి, చీనీ తోటలు బోర్లు, బిందు సేద్యంపై ఆధారపడి ఉన్నాయి. అక్కడ నేల తేమ సెన్సర్ల అవసరం ఎక్కువ. సర్వర్‌ను బోరు వద్ద స్టార్టర్ పెట్టె పక్కన పెట్టాలన్న ఆలోచన సహజంగా వస్తుంది. అది సరికాదు. వ్యవసాయ ఫీడర్‌లో సరఫరా రోజుకు 9 గంటల విధానంపై ఉంటుంది. మోటారు మొదలైనపుడు వోల్టేజి ఒక్కసారిగా కుంగుతుంది. సర్వర్ ఇంటిలో గృహ సరఫరాపై ఉండాలి; తోటలో సెన్సర్ మాత్రమే ఉండాలి. ఈ రెంటి మధ్య లైసెన్సు అవసరం లేని 865 నుంచి 867 మెగాహెర్ట్జ్ పౌనఃపున్యంలో లోరా రేడియో ద్వారా సమాచారం పంపవచ్చు. సందేశాల స్వీకరణకు ఎం.క్యు.టి.టి. పద్ధతి అనువైనది. ఎడారిలోని చమురు గొట్టాలను ఉపగ్రహం ద్వారా గమనించడానికి 1999లో రూపొందిన పద్ధతి ఇది. సన్నని, తరచుగా తెగే అనుసంధానం కోసమే పుట్టినది కాబట్టి తోటలకూ సరిపోయింది.

వేడి

ప్రాసెసర్ ఉష్ణోగ్రత 80 డిగ్రీల సెల్సియస్‌కు చేరగానే బోర్డు తన వేగాన్ని తగ్గించుకోవడం ప్రారంభిస్తుంది. 85 వద్ద మరింత తగ్గిస్తుంది. మే నెలలో బయటి ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటే ఈ ప్రాంతంలో రేకుల కప్పు కింద మూసిన ప్లాస్టిక్ పెట్టెలో బోర్డును ఉంచితే ఈ హద్దుకు చేరడం తేలిక. ఫ్యాను పెడితే నల్లరేగడి దుమ్ము లోపలికి చేరి కొన్ని నెలలకే అది బిగుసుకుపోతుంది. కదిలే భాగం లేని అల్యూమినియం కవచం మేలు. మట్టిమిద్దె ఉన్న ఇళ్లలో పగటి, రాత్రి ఉష్ణోగ్రతల తేడా తక్కువ కాబట్టి లోపలి గోడకు ఉన్న నాపరాయి అలమారా తగిన స్థలం. పడమటి గోడను వదలాలి. వేడికి బోర్డు కంటే బ్యాటరీయే ముందుగా దెబ్బతింటుందన్నది మరువరాదు.

నిలువ, గడియారం

సాధారణంగా ఈ బోర్డులు మైక్రో ఎస్.డి. కార్డు నుంచి నడుస్తాయి. కార్డుపై రాస్తున్న క్షణంలో కరెంటు పోతే ఆ ఫైలే కాక మొత్తం ఫైళ్ల పట్టిక చెడిపోవచ్చు. నిరంతరం రాయడం వల్ల కార్డు అరుగుతుంది కూడా. అందువల్ల దత్తాంశాన్ని యు.ఎస్.బి. ద్వారా కలిపిన ఎస్.ఎస్.డి.పై ఉంచాలి. కార్డును వాడక తప్పకపోతే ఆపరేటింగ్ వ్యవస్థను చదవడానికి మాత్రమే వీలయ్యే స్థితిలో ఉంచి, తాత్కాలిక నమోదులను మెమరీలోనే రాయించాలి.

చెడిన డిస్కు కంటే ప్రమాదకరమైనది తప్పు సమయం. చెడిన డిస్కు కనబడుతుంది. తప్పు సమయం కనబడదు. నాలుగవ తరం బోర్డులో బ్యాటరీతో నడిచే గడియారం లేదు. ఇంటర్నెట్ ఉంటే అది సమయాన్ని తెలుసుకుంటుంది. లేకపోతే ఆగిపోవడానికి ముందు చివరిసారి భద్రపరచిన సమయం నుంచే లెక్క మొదలు పెడుతుంది.

వర్షపాత నమోదులో దీని ఫలితాన్ని చూడవచ్చు. మన దేశంలో ఉదయం 8.30కి ముగిసే 24 గంటల వర్షాన్ని ఆ తేదీ వర్షంగా లెక్కిస్తారు. ఉదయం 5 గంటలకు కరెంటు పోయి 9 గంటలకు వచ్చిందనుకుందాం. ఇంటర్నెట్ ఇంకా రాలేదు. సర్వర్ తన దృష్టిలో 5 గంటల నుంచి మొదలవుతుంది. 10 గంటలకు 12 మిల్లీమీటర్ల వాన కురిస్తే అది 6 గంటల వానగా నమోదవుతుంది. రేపటి తేదీకి చేరవలసిన వర్షం ఈ రోజు ఖాతాలో పడుతుంది. 2.5 మిల్లీమీటర్లు లేదా అంతకు మించి కురిసిన రోజే వర్షపు రోజు కాబట్టి వర్షపు రోజుల లెక్క, బెట్ట వ్యవధి రెండూ మారిపోతాయి. తరువాత ఇంటర్నెట్ వచ్చి గడియారం ఒక్కసారిగా 4 గంటలు ముందుకు దూకితే ఆ ఖాళీ వాన లేని సమయంగా కనబడుతుంది. ఏ విద్యార్థి అయినా ఈ దత్తాంశంతో పరిశోధనా వ్యాసం రాస్తే తప్పు ఎక్కడుందో కనుక్కునే మార్గం ఉండదు.

నివారణ చౌక. డి.ఎస్. 3231 అనే చిన్న గడియార మాడ్యూల్‌ను నాణెపు బ్యాటరీతో బోర్డుకు అమర్చితే, 0 నుంచి 40 డిగ్రీల మధ్య దాని దోషం పది లక్షలలో 2 వంతులు, అనగా సంవత్సరానికి సుమారు ఒక నిమిషం. అయిదవ తరం బోర్డులో గడియారం ఉన్నది కాని దాని బ్యాటరీని విడిగా కొని కలపాలి. కలపనిచో అది లేనట్లే.

సెన్సర్ వైపు కూడా ఒక జాగ్రత్త ఉంది. టిప్పింగ్ బకెట్ వర్షమాపకం ప్రతి పోటుకు ఒక సంకేతం పంపి ఊరుకుంటే సర్వర్ ఆగిన సమయంలోని పోట్లు పోతాయి. బ్యాటరీతో నడిచే సెన్సర్ తన వద్దనే మొత్తం పోట్లను కూడి, ప్రతిసారీ ఆ మొత్తాన్నే పంపాలి. అప్పుడు సర్వర్ ఒక రాత్రంతా నిద్రపోయినా మొత్తం వర్షం దక్కుతుంది. ఏ గంటలో ఎంత కురిసిందన్నది మాత్రమే పోతుంది. వీటన్నిటి పక్కన మామూలు వర్షమాపకాన్ని కూడా ఉంచి, ఉదయం 8.30కి కొలిచి పుస్తకంలో రాయడం మానరాదు. రెండు లెక్కలు విడిపోయిన రోజున ఏదో ఒకటి చెడిందని తెలుస్తుంది.

గ్రంథాలయంగా వినియోగం

మిగిలిన స్థలంలో ఇంటర్నెట్ లేకుండా చదువుకోదగిన సామగ్రిని ఉంచవచ్చు. ఈ ఆలోచన వ్యవసాయ రంగానికి కొత్త కాదు. అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయం టీల్ పేరిట వ్యవసాయ పరిశోధనా పత్రికలను సి.డి.లలో నింపి, ఇంటర్నెట్ సరిగా లేని దేశాల సంస్థలకు 1999 నుంచే అందజేసింది. నేడు కివిక్స్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో తెలుగు వికీపీడియాను ఒకే ఫైలుగా సర్వర్‌లో ఉంచి, గదిలోని ఫోన్లన్నిటికీ వైఫై ద్వారా చూపవచ్చు. అయితే రైతు సేవా కేంద్రంలో రైతుకు కావలసినది విజ్ఞాన సర్వస్వం కన్న తన మండలానికి తగిన రకాల వివరాలు, తెగుళ్ల ఫోటోలు, తన పొలం భూసార ఫలితం. స్థలాన్ని ముందుగా వాటికి కేటాయించాలి.

భద్రత, బాధ్యత

బోర్డుపై డెబియన్ ఆధారిత రాస్ప్‌బెర్రీ పై ఆపరేటింగ్ వ్యవస్థ లైట్ రూపాన్ని ఎక్కించడం గంట పని. పాత ప్రతులలో అందరికీ తెలిసిన పేరు, సంకేతపదం ముందుగానే ఉండేవి. 2022 ఏప్రిల్ నుంచి వాటిని తొలగించారు. పాత కార్డును మళ్లీ వాడేవారు దీనిని గమనించాలి. మొబైల్ ఇంటర్నెట్‌లో సాధారణంగా సొంత బహిరంగ చిరునామా ఉండదు కాబట్టి బయటి నుంచి సర్వర్‌ను నేరుగా చేరలేము. ఇది ఒక విధంగా రక్షణే. దూరం నుంచి చూడవలసి వస్తే వైర్‌గార్డ్ వంటి గుప్త మార్గాన్ని ఏర్పరచుకోవాలి గాని, రూటర్ తలుపులు తెరచి ఉంచరాదు.

రైతుల పేర్లు, ఫోన్ నంబర్లు ఉన్న దత్తాంశం 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత దత్తాంశ పరిరక్షణ చట్టం పరిధిలోకి వచ్చే విషయం. ఆధార్, బ్యాంకు ఖాతా నంబర్లను ఇటువంటి సర్వర్‌లో అసలే ఉంచరాదు. అరచేతిలో పట్టే పెట్టెను ఎవరైనా జేబులో వేసుకుని వెళ్లగలరు. అందుకే డిస్కును గుప్తీకరించాలి.

సర్వర్‌ను నెలకొల్పిన శాస్త్రవేత్తకు బదిలీ అయిన తరువాత దాని సంకేతపదం ఎవరికీ తెలియకపోవడం అన్ని యంత్ర లోపాల కంటే పెద్ద లోపం. సంకేతపదాన్ని మూసిన కవరులో కార్యాలయ బీరువాలో ఉంచి, బాధ్యతల అప్పగింత పత్రంలో సర్వర్‌ను ఒక వస్తువుగా చేర్చాలి. ప్రొద్దుటూరులో యోగి వేమన విశ్వవిద్యాలయ ఇంజనీరింగ్ కళాశాల, పులివెందులలో జె.ఎన్.టి.యు. ఇంజనీరింగ్ కళాశాల ఉన్నాయి. మరమ్మతులో వాటి విద్యార్థుల సాయం కోరవచ్చు. కాని రోజువారీ బాధ్యత గ్రామంలో ఉండే ఒక వ్యక్తిదే కావాలి. అటువంటి వ్యక్తి దొరకని చోట సర్వర్‌ను పెట్టకపోవడమే మేలు.

ప్రతి రాత్రి దత్తాంశపు ప్రతి ఒకటి స్థానికంగా రెండవ డిస్కుకు, అనుసంధానం దొరికినపుడు మరొకటి ప్రొద్దుటూరుకు చేరేలా చూడాలి. ప్రతి ఉన్నంత మాత్రాన అది తెరుచుకుంటుందన్న హామీ లేదు. ఏటా మే నెలలో, ఖరీఫ్ పనులు మొదలుకాక ముందు, ఒక ఖాళీ కార్డుపై వ్యవస్థను మళ్లీ ఎక్కించి, ప్రొద్దుటూరు ప్రతి నుంచి నిరుటి అక్టోబరు వర్షపు లెక్కను తెరచి, చేతిరాత పుస్తకంతో పోల్చి చూడాలి. గడియారపు నాణెపు బ్యాటరీని పరీక్షించడం, కవచంపై దుమ్ము తుడవడం కూడా ఆ రోజే పూర్తి చేసుకోవచ్చు.