ఒక్క ప్రసారము – రెండు దారులు



కౌతాళము ప్రాంతమున తుంగభద్ర దిగువ కాలువను ఎరుగనివారుండరు. ప్రతి చేనికిని ఆనకట్ట నుండి వేరువేరుగా కాలువ త్రవ్వలేదు గదా! ఒకే కాలువ వచ్చి, అవసరమైన చోట తూముల వద్ద చీలుచున్నది. కంప్యూటర్ల నెట్‌వర్కులో మల్టీకాస్ట్ అనునది ఈ పద్ధతియే.

మన ఖాదర్ లింగ స్వామి దర్గా ఉరుసును వేయి ఇండ్లకు టెలివిజనులో చూపవలెననుకొందము. ఇంటికి 4 మెగాబిట్ల వంతున వేరువేరుగా పంపినచో సెకనుకు 4,000 మెగాబిట్లు పట్టు దారి కావలెను. మల్టీకాస్టులో బయలుదేరు ప్రతి ఒక్కటే. దారులు చీలుచోట రౌటరు అను యంత్రము దానికి నకళ్లు తీసి, కోరినవారి వైపునకే పంపును. 1989లో స్టీవ్ డీరింగ్ దీని నియమములను ప్రకటించెను. 224 మొదలు 239 వరకు గల అంకెలతో ఆరంభమగు చిరునామాలు దీనికే ప్రత్యేకింపబడినవి.

అయితే ఒక్క ప్రతియే గనుక, మొదట తీగ తెగినచో వేయి ఇండ్లును ఒక్కసారిగా చీకటియే. 2024 ఆగస్టు 10 రాత్రి తుంగభద్ర ఆనకట్ట 19వ గేటు గొలుసు తెగి, గేటు కొట్టుకొనిపోయినది. తాత్కాలికపు పలకలు దించుటకు సుమారు వారము పట్టెను; అంతవరకు నీరు పోవుచునే యుండెను.

అందుచేత ఒకే ప్రసారమును రెండు దారుల పంపుదురు. ప్రతి తునకకును వరుస సంఖ్య యుండును. అందుకొను యంత్రము ముందు వచ్చినదానిని గ్రహించి, రెండవదానిని విడుచును. ఒక దారిలో పోయినది రెండవ దారిలో దొరకును. చూచువారికి తెలియనే తెలియదు. కాని రెండు తీగలను ఒకే కరెంటు స్తంభమునకు కట్టినచో అవి రెండు దారులు కావు! మన రాష్ట్రమున ఫైబర్‌నెట్ తీగలు చాలవరకు కరెంటు స్తంభములపైననే సాగినవి గావున ఈ మాట ప్రత్యేకముగా చెప్పవలసి వచ్చినది.

ఇక రెండవ అపాయము. రౌటర్లు దారులను ఒకదానికొకటి చెప్పుకొనును. దొంగ రౌటరు నడుమ జొరబడి "దారి నేనే" యన్నచో, నమ్మిన పొరుగు రౌటర్లు రెండు ప్రవాహములను దానికే అప్పగించును. కావున పొరుగు రౌటర్లకు ఒక రహస్యపు తాళపు మాట నిర్ణయింతురు. ఆ మాటను తీగపై పంపరు. సందేశముతో దానిని కలిపి లెక్కగట్టిన ముద్రను మాత్రమే పంపుదురు. అవతలి రౌటరు తానును లెక్కగట్టి, ముద్ర సరిపోయిననే నమ్మును. ఒక్క అక్షరము తేడా వచ్చినను స్నేహము చెడి, ఆ దారి మూతపడును. అందువలన తాళపు మాటను మార్చునపుడు పాతది, క్రొత్తది కొంతకాలము రెండును చెల్లునట్లుంచవలెను.

అన్నియు అమర్చిన పిమ్మట, ప్రసారము సాగుచుండగనే ఒక తీగను చేతితో ఊడదీసి చూడవలెను. తెరపై బొమ్మ కదలక నిలిచినచో, రెండవ దారి కాగితముపైననే యున్నదని అర్థము.