మీకు తెలుసా? పిడుగురాళ్ల బోరులో ఊరేది కరిగిన రాయి!

పల్నాడులోని పిడుగురాళ్ల వైపు బోరు నీళ్లతో కందిపప్పు ఉడకేస్తే ఎంతసేపు మంట పెట్టినా పలుకు పలుకుగానే ఉంటుంది. తప్పు పప్పుది కాదు, వండే మనిషిది అసలే కాదు. గింజ మెత్తబడాలంటే దాని కణాల గోడల్లో ఉండే పెక్టిన్ కరగాలి. నీళ్లలోని కాల్షియం ఆ పెక్టిన్‌ను పట్టుకుని బిగించేస్తుంది. మన వంటిళ్లలో చిటికెడు తినేసోడా వేయడం ఊరికే పుట్టిన అలవాటు కాదు. ఆ చిటికెడు సోడా ఈ బిగింపును సడలిస్తుంది.

మరి అంత కాల్షియం ఎక్కడిది? కాళ్ల కిందిదే. పల్నాడు నేల అడుగున పరుచుకున్నది సున్నపురాయి. పిడుగురాళ్ల బట్టీల్లో కాలి సున్నమై, ఊరికి ‘లైమ్ సిటీ’ అన్న పేరు తెచ్చింది అదే. అమరావతి స్తూపం శిల్పాలు చెక్కిందీ ఈ పల్నాటి రాతి మీదే, వాటిలో కొన్ని నేడు లండన్‌లోని బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నాయి. వాన నీరు మట్టిలోకి ఇంకుతూ అక్కడి బొగ్గుపులుసు వాయువును కలుపుకుని కాస్త పులుపెక్కుతుంది. ఆ పులుపే సున్నపురాయిని కొంచెం కొంచెంగా కరిగిస్తుంది. వేల ఏళ్లు అలా కరిగితే గుత్తికొండ బిలం లాంటి గుహలు ఏర్పడతాయి. కరిగిన రాయి బోరులో ఊరి, మోటారు వేయగానే ట్యాంకులోకి ఎక్కుతుంది.

ఎంత రాయి అంటారా? తాగునీటి కాఠిన్యం (ఇలా కరిగిన రాయి మోతాదు) లీటరుకు 200 మిల్లీగ్రాములు మించకూడదని, వేరే దారి లేనిచోట 600 వరకు సరిపెట్టుకోవచ్చని భారత ప్రమాణాల సంస్థ చెబుతోంది. ఆ 600 లెక్కనే చూడండి: వెయ్యి లీటర్ల ట్యాంకు నీళ్లలో అరకిలోకు పైగా సున్నపురాయికి సమానమైన సరుకు కరిగి ఉన్నట్టు. కంటికి మాత్రం నీళ్లు తేటగానే కనిపిస్తాయి. పటిక తిప్పినా లాభం లేదు. అది బురదను ముద్దకట్టించి అడుక్కి దింపుతుందే గానీ, కరిగిన కాల్షియాన్ని తీయలేదు.

నీళ్లు కాగితే మాత్రం గుట్టు బయటపడుతుంది. వాయువు ఎగిరిపోతుంది, రాయి మళ్లీ రాయై గిన్నె అడుగున తెల్లగా పేరుకుంటుంది. గీజరు లోపల జరిగేదీ ఇదే. కాయిలు చుట్టూ గార మందంగా పట్టాక ఆ పొరను దాటి వేడి నీళ్లకు అందదు. నీళ్లు ఆలస్యంగా కాగుతాయి, కరెంటు బిల్లు పెరుగుతుంది, చివరికి కాయిలే కాలిపోతుంది. షవరు రంధ్రాలు పూడుకుపోయేదీ, స్టీలు గ్లాసుల మీద తెల్ల మచ్చలు మిగిలేదీ ఈ గార వల్లే. దీనికి మందు పులుపు. నిమ్మఉప్పు కలిపిన నీళ్లలో షవరు తలను రాత్రంతా నానబెట్టి చూడండి, బుస్సుమని పొంగి గార వదులుతుంది. బాత్రూమ్ యాసిడ్ జోలికి మాత్రం పోకండి, కుళాయిల మెరుగు ఊడిపోతుంది.

సబ్బుకు ఈ నీళ్లు పడవు. కాల్షియంతో కలిసి సబ్బు తెల్లటి తెట్టుగా మారిపోతుంది. నురగ రాదు, జుట్టు పీచులా అవుతుంది, బట్టలు వెలిసినట్టు కనిపిస్తాయి. కుంకుడుకాయకు ఆ ఇబ్బంది లేదు. దానిలో నురగనిచ్చే సాపోనిన్లు కాల్షియంతో తెట్టు కట్టవు. షాంపూలు లేని రోజుల్లో ఇలాంటి నీళ్ల బావుల దగ్గర కూడా తలంట్లు బాగానే సాగాయంటే ఆ పుణ్యం కుంకుడుకాయదే.

అసలు విశేషం ఇంకొకటి ఉంది. ఈ కాఠిన్యాన్ని పోగొట్టే సరుకు పిడుగురాళ్ల బట్టీల నుంచి లారీల్లో బయటి ఊళ్లకు పోతోంది! కఠిన జలంలో లెక్క ప్రకారం తడిసున్నం కలిపితే, అది అందులోని వాయువును లాగేసుకుని కరిగిన రాయిని అడుక్కి దింపేస్తుంది. స్కాట్లండ్‌లోని అబర్డీన్‌లో రసాయనశాస్త్రం బోధించిన థామస్ క్లార్క్ 1841లో ఈ పద్ధతికి పేటెంటు తీసుకున్నాడు. అమెరికాలోని మినియాపొలిస్ నగరం నేటికీ సున్నంతోనే తన నీళ్లను మెత్తబరుస్తోంది. అయితే ఇది నీటిశుద్ధి కేంద్రాలు చేయాల్సిన పని. ఇంట్లో ఉజ్జాయింపుగా సున్నం కలిపితే, ఎక్కువైన సున్నం నీళ్లలోనే ఉండిపోతుంది. సున్నం ఊరు మన చేతిలో ఉండగా ఈ దారిని మన మున్సిపాలిటీలు గట్టిగా ఆలోచించాలి.

కఠిన జలం తాగితే కిడ్నీలో రాళ్లు వస్తాయన్న భయం చాలామందిలో ఉంది. అది రుజువైన మాట కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా కాఠిన్యానికి ఆరోగ్యం దృష్ట్యా పరిమితి ఏదీ పెట్టలేదు. నిజంగా భయపడాల్సింది ఫ్లోరైడ్‌కు. మన దేశంలో ఫ్లోరోసిస్‌ను తొలిసారి గుర్తించింది అప్పటి నెల్లూరు జిల్లాలోనే, 1937లో. ఫ్లోరైడ్ గార కట్టదు, రుచి చెప్పదు, కాచినా పోదు. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే పిల్లల పళ్లకు ముప్పే, ఇంకా ఎక్కువైతే ఎముకలకూ ముప్పే. అందుకని ఇంటి బోరు నీళ్లను ఒక్కసారైనా ల్యాబ్‌కు పంపండి. కాఠిన్యంతో పాటు ఫ్లోరైడ్ కూడా చూడమని తప్పకుండా అడగండి.