పరదేశమున కూలిసొమ్ము - దాని రక్షణము



పూర్వము కాకినాడ, విశాఖపట్టణము రేవులనుండి మన తెలుగు కూలీలు వేలకొలది రంగూనునకు ఓడలెక్కుచుండిరి. బయలుదేఱుటకు ముందు మేస్త్రీ యొద్ద బయానా పుచ్చుకొనిరి. అక్కడ వచ్చిన కూలియు ఆ మేస్త్రీ చేతిమీదుగనే ముట్టుచుండెను. ఎంత బాకీ తీఱినదో చూపుటకు పలువురియొద్ద కాగితపు ముక్కయైనను లేకుండెను. నేడు కరీంనగరము, నిజామాబాదు, కడప, గోదావరి జిల్లాలనుండి మన పిల్లలు దుబాయి మున్నగు చోట్లకు విమానములలో పోవుచున్నారు. కాగితము లేని సొమ్మువలన కలుగు నష్టము మాత్రము నాటివలెనే యున్నది.

మొదట అప్పు సంగతి. వీసాకొఱకు లక్ష రూపాయలు నూటికి నెలకు మూడు రూపాయల వడ్డీకి తెచ్చినచో, ఏడాదికి వడ్డీయే ముప్పదియాఱువేలగును. కావున తొలి సంపాదనతో ఇల్లు కట్టవలెనని తొందరపడక, ఆ యప్పును తీర్చుటయే మేలు.

ఇక జీతము. దుబాయి, అబూధాబి మున్నగువానితో కూడిన ఎమిరేట్లలో 2009వ సంవత్సరమునుండి వేతనరక్షణ విధానము అమలులోనికి వచ్చినది. దానికి లోబడిన యజమానులు జీతమును బ్యాంకు ద్వారానో, జీతపు కార్డు ద్వారానో చెల్లింపవలెను. అట్లు చెల్లించిన దానికి లెక్క యుండును. జీతమాగినయెడల ఫిర్యాదునకు అదియే సాక్ష్యము. కార్డును గాని, దాని రహస్యసంఖ్యను గాని తోడివాని కైనను ఈయరాదు.

ఇంటికి సొమ్ము పంపునపుడు రుసుము ఒక్కటే చూచుట చాలదు. వేయి దిర్హములు పంపునప్పుడు, దిర్హమునకు ఇరువది పైసలు తక్కువ ధర కట్టినచో, రెండువందల రూపాయలు తెలియకుండనే పోవును. "రుసుములన్నియు పోగా ఇంటికి ఎన్ని రూపాయలు చేరును?" అని రెండు మూడు చోట్ల అడిగి, తక్కువ నష్టమున్నచోట పంపి, రసీదును భద్రపఱచుకొనవలెను.

హవాలా మార్గమున రెండు రూపాయలు ఎక్కువ వచ్చునని కొందఱు ఆశింతురు. మధ్యవాడు మాయమైనచో అడుగుటకు దిక్కుండదు. పైగా అది మన 1999వ సంవత్సరపు విదేశీమారక చట్టమునకు విరుద్ధము. సొమ్మునకు మూడురెట్లవఱకు అపరాధము విధింపవచ్చును.

ఉద్యోగమునకై విదేశమున నివసించువాడు ఇచ్చటి తన సాధారణపు పొదుపు ఖాతాను ఎన్.ఆర్.ఓ. ఖాతాగా మార్పించుకొనవలెను. ఇచ్చటి కౌలు, అద్దెల రాబడి అందులో చేరును. దాని వడ్డీకి పన్ను కలదు. అచ్చటి సంపాదన కొఱకు ఎన్.ఆర్.ఇ. ఖాతా తెఱువవచ్చును. ప్రవాసిగా నున్నంతకాలము దాని వడ్డీకి ఇచ్చట ఆదాయపు పన్ను లేదు. సొమ్మును తిరిగి విదేశమునకు కొనిపోవచ్చును. ఖాతా సంపాదించువాని పేరనే యుండవలెను. ఇంటి ఖర్చులకై భార్యకో తండ్రికో బ్యాంకువారి అధికారపత్రము వ్రాసియిచ్చిన చాలును.

అక్కడ బ్యాంకువారు ఇచ్చెద మనగానే అప్పునకు చేవ్రాలు చేయరాదు. బాకీ తీర్పకున్నచో న్యాయస్థానము వారు ప్రయాణము నిషేధింపవచ్చును. ఇంటికి రావలసిన వేళ దారి మూసికొనును.

గ్రామపెద్దలారా! ఊరివాడెవడైనను సెలవు తీసికొనుటకు మీయొద్దకు వచ్చినప్పుడు, దీవెనతోపాటు మూడు ప్రశ్న లడుగుడు: అప్పెంత? ఖాతా యెవరి పేర? రసీదులు దాచువారెవరు? ఈ మూటికి సరియైన జవాబు చెప్పగలవాని కష్టార్జితము ఇల్లు చేరును.